మూడో కంప్లైంట్

“ఆరు దాటాక రమ్మని ఫోన్లో చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నాలుగింటికే ఊడిపడ్డావేం?” తలుపు సగమే తెరిచి అడిగింది పెద్దావిడ.

“కంపెనీ ఎప్పుడు పంపితే అప్పుడే రావాలి మేడం.”

“మేడం ఏంటి మేడం! ఆ మాట వింటే ఒళ్ళు మండిపోతుంది.”

“మరేమని పిలవమంటారు?”

ఆవిడ తలుపు వదిలేసి వెళ్ళి సోఫాలో కూర్చుంది. టీవీ మెకానిక్ గుమ్మం పక్కనున్న చెప్పుల వైపు ఒకసారి చూసి, తన బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. భుజాన ఉన్న సంచి దించి, నిలబడే రిమోట్ అందుకున్నాడు.

తెర మీద వార్తలు చదివే అమ్మాయి ముఖం వానలో తడిసిన ఫోటోలా అలుక్కుపోయి ఉంది. కింద పరుగెత్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేసి, ఏది ఏదో తెలియడం లేదు.

“చూడు నీ పనితనం. ముక్కెక్కడో మూతెక్కడో కనబడి చావదు. మొదటిసారీ ఇదే మసక. రెండోసారి మనుషులందరూ పొట్టిగా, గుమ్మడికాయల్లా సాగిపోయారు. ఇప్పుడు మళ్ళీ మసక. నెల తిరక్కుండా మూడుసార్లు!”

అతను సెట్‌టాప్ బాక్సు మెనూ తెరిచాడు. రిజల్యూషన్ 576కి దిగిపోయి ఉంది. పోయినసారి తనే 1080 పెట్టి వెళ్ళాడు.

“ఎవరో మార్చారు.”

“ఎవరు మారుస్తారు? కరెంటు పోయి వచ్చింది. దానంతటదే మారింది.”

“కరెంటు పోతే ఇది మారదు. మెనూలోకి వెళ్ళాలి. సెట్టింగ్స్, డిస్‌ప్లే, రిజల్యూషన్, ఆపైన ఓకే. అంతా అయ్యాక, నిజంగానే మార్చాలా అని బాక్సు మళ్ళీ అడుగుతుంది. అప్పుడు కూడా ఔనని నొక్కితేనే మారుతుంది.”

“అంటే నేనే నొక్కానంటావు. సౌండు తగ్గించడం చేతకాక పక్కింటివాళ్ళ చేత మాటలు పడుతున్నదాన్ని!”

“నేనేమీ అనలేదు.”

“నువ్వెప్పుడన్నావు గనక! నోట్లో మాట నోట్లోనే ఉంచుకుంటావు. చెయ్యాల్సింది చేసేసి చక్కా పోతావు. వెనక ఎవరేమైపోతే నీకేంటి?”

అతను టకటకా బటన్లు నొక్కాడు. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వెలిగింది. వార్తలు చదివే అమ్మాయి చెవి దుద్దుల్లో రాళ్ళు లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడ్డాయి.

“అయింది. మీ ఫోనుకి నాలుగంకెల కోడ్ వచ్చి ఉంటుంది. అది చెప్తే కంప్లైంట్ క్లోజ్ చేసుకుని వెళ్తాను.”

“అప్పుడేనా? ముందు ఆ వైర్లు చూడు.”

వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాడు.

“మేడ మీద డిష్ చూడవా?”

మేడ ఎక్కి దిగి వచ్చాడు. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. బల్ల మీద నీళ్ళ సీసా ఉంది. ఆవిడ తాగమనలేదు, అతను అడగలేదు.

“ఇప్పుడు ఛానెళ్ళన్నీ ఒక్కొక్కటే తిప్పి చూపించు.”

“మూడొందలున్నాయి.”

“ఉంటే ఉన్నాయి. నీకేం తొందర? ఇంటి దగ్గర ఎవరు ఎదురుచూస్తున్నారు గనక!”

అతను రిమోట్‌ని బల్ల మీద టప్పున పెట్టాడు. “కోడ్ చెప్పండి.”

“చెప్పను. నా కళ్ళకి అన్నీ ఒకలాగే కనబడతాయి. మా అమ్మాయి ఆరింటికి పని నుంచి వచ్చి, చూసి, బాగుందంటే అప్పుడు చెప్తాను.”

“అంతసేపు నేనుండలేను.” గబగబా సంచి జిప్పు లాగాడు. అది మధ్యలో ఇరుక్కుంది. “ఇంకా నాలుగిళ్ళు తిరగాలి.”

“తిరుగు. తిరగడమేగా నీకు తెలిసింది.”

అతను జిప్పు వదిలేసి నిటారుగా నిలబడ్డాడు.

“ఒక్క మాట వినండి. ఒకే ఇంటి నుంచి నెలలో మూడుసార్లు కంప్లైంట్ వచ్చి, మూడోది కోడ్ లేకుండా ఉండిపోతే నాకు పని రాదని రాసేస్తారు. రేపే వేరే ఊరికి మార్చేస్తారు. ఇవాళ మీరు కోడ్ ఇచ్చినా, నాలుగోసారి ఫోన్ చేస్తే మళ్ళీ అదే గతి.”

“మార్చనీ. పీడా విరగడవుతుంది.”

“సంతోషం. ఇకమీదట మీరెన్ని ఫోన్లు చేసినా, వచ్చేది వేరే మనిషి.”

ఆవిడ ముఖం తెర వైపు తిప్పుకుంది. “ఆ వచ్చేవాడికి మాత్రం పని వచ్చని ఏంటి నమ్మకం? నిన్నే పంపమని నేను గట్టిగా అడిగితే?”

“ఎందుకు? తిట్లు తినడానికి అలవాటుపడ్డ మనిషైతే మీకు సుఖమా? అడిగినా వినరు. ఎవరు ఎక్కడికెళ్ళాలో కంప్యూటర్ చెప్తుంది.”

గోడ గడియారంలో ఇంకా ఐదు కూడా కాలేదు. ఆవిడ దిండు కింద నుంచి ఫోన్ తీసింది. కళ్ళజోడు పెట్టుకుని, తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

“ఏడు... రెండు... రెండు...”

“తర్వాత?”

ఆవిడ చాలాసేపు ఆ చివరి అంకెనే చూస్తూ ఉండిపోయింది.

“చెప్పండి. నా పొట్ట కొట్టి మీరేం బావుకుంటారు?”

“తొమ్మిది.”

అతను అంకెలు కొట్టాడు. కంప్లైంట్ క్లోజ్ అయింది. సగం తెరుచుకున్న సంచినే భుజాన వేసుకుని, బూట్లలో కాళ్ళు దూర్చి, లేసులైనా కట్టుకోకుండా మెట్లు దిగసాగాడు. మలుపు దాకా వెళ్ళేసరికి ఆవిడ గోడ పట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“ఏయ్, ఆగు!”

“మళ్ళీ ఏం పాడైంది?” వెనక్కి తిరగకుండానే విసుక్కున్నాడు.

ఆవిడ గొంతు తగ్గించింది.

“బాక్సు పాడవకపోయినా ఆదివారం రా అల్లుడూ, అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది.”