ఉత్త ఆవిరే!

ఆళ్లగడ్డలో కాలేజీ ఎదురుగా ఉన్న నరసింహులు ఫ్యాన్సీ అంగట్లోంచి పోలీసులు మూడు అట్టపెట్టెలు పట్టుకుపోయారు.

అన్నీ ఎలక్ట్రానిక్ సిగరెట్లు. చూడ్డానికి రంగురంగుల పెన్నుల్లా ఉంటాయి. లోపల బ్యాటరీ, నికోటిన్ కలిపిన ద్రవం. పీలిస్తే వేడెక్కి మామిడిపండు వాసనతో ఆవిరి వస్తుంది. వాటిని అమ్మకూడదని ప్రభుత్వం ఎప్పుడో నిషేధించింది. నరసింహులు మాత్రం "ఉత్త ఆవిరే, ఏం గాదు" అని కాలేజీ పిల్లలకు అంటగట్టేవాడు.

పోలీసులకు ఫోన్ చేసిందెవరో తెలిసేదాకా అన్నం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. మహా పట్టుదల మనిషి! బజ్జీలు లెక్కలోకి రావు లెండి.

మూడో రోజు ఎవరెవరినో పట్టుకుని ఆ నంబరు రాబట్టాడు. అంగట్లోనే నిలబడి ఫోన్ కలిపాడు.

రోడ్డవతల సీతాఫలాల గంపలో మోగింది.

ఆ గంప తిరుపాలమ్మది. నల్లమల అడవిలోని ఏదో గూడెం నుంచి నెల కిందట వచ్చి అక్కడ అమ్ముకుంటోంది.

నరసింహులు కట్టె తీసుకుని ఒక్క ఉరుకు ఉరికాడు. కాలేజీ నుంచి వస్తున్న కూతురు మానస అడ్డం పడింది.

"వద్దు నాయనా!"

"నువ్వు జరుగు! ఏమ్మే, పోలీసోల్లకు ఫోన్ చేసింది నువ్వేనా?"

తిరుపాలమ్మ కట్టెను చూసింది. తండ్రి రెక్క పట్టుకుని వణుకుతున్న పిల్లను చూసింది.

"నేనే చేసినాప్పా."

గంప మురిక్కాలవలో పడింది. కట్టె ఆమె ముంజేతి మీద పడింది. ఎముక విరిగింది.

"మల్లా ఈడ కనపడితే సంపేస్తా!"

ఆమె చెయ్యి కొంగులో కట్టుకుని, దొరికిన బస్సెక్కి వెళ్లిపోయింది. ఏ గూడెమో ఎవరూ అడగలేదు.

నరసింహులు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు.

"ఇంగ రోంత నెయ్యి ఎయ్," అన్నాడు భార్యతో. "నా జోలికొస్తే ఎట్లుంటాదో ఊరంతా చూసింది!"

మానస కంచం ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏందిమే, దాని కోసరం ఏడుస్తాండావా? అదేమన్నా మన చుట్టమా?"

"నువ్వమ్మింది పీల్చి పీల్చి నా స్నేహితురాలు హిమజ నంద్యాల ఆస్పత్రిలో ఊపిరాడక కొట్టుకుంటాంది నాయనా."

"అయితే?"

"ఆయమ్మ ఫోన్ అడుక్కోని పోలీసోల్లకు చెప్పింది నేను... నాకు పడాల్సిన దెబ్బ ఆయమ్మ తినింది."