కంప్యూటర్ లోపలి కంప్యూటర్

“ముట్టుకోకు. జేమ్స్ వచ్చీవరకు దాన్ని ముట్టుకోకు,” అన్నాడు ప్రభుదాసు, కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడి.

కరుణమ్మ కళ్లజోడు సర్దుకుంది. “రేపు శనివారం పొద్దున్నే ప్రెస్సుకిచ్చీయాలి కదండీ. ఆడు టెక్కలిలో కంప్యూటర్ సెంటరు ఒదిలి ఎప్పుడొత్తాడు?”

పలాసలో వాళ్ల చర్చికి వందేళ్ల పండగ దగ్గర పడింది. పాత పెద్దలు కట్టిన నూట నలభై పాటల్ని రెండేళ్లుగా టైపు చేసింది కరుణమ్మే. ఆ టైపింగు సాఫ్ట్‌వేరు పాత విండోస్‌లో తప్ప నడవదు. అందుకని మేనల్లుడు జేమ్స్, కొత్త కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి పాత కంప్యూటర్ ఒకటి నడిచేలా ఏర్పాటు చేసి వెళ్లాడు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరుకి కొత్త వెర్షన్ వచ్చింది, ఎక్కించమంటారా అని అడిగితే ఇందాక ప్రభుదాసు సరే అని నొక్కేశాడు. అంతే, లోపలి తెర అగ్గిపెట్టెంత అయింది. మౌసు కదలడం మానేసింది.

“నువ్వేటో నొక్కితే పాటలన్నీ పోతే?”

“సరే, ఆడికే ఫోన్ సేత్తాను. ఆడు సెప్పినట్టే సేత్తాను.”

ప్రభుదాసు పక్కకి జరిగాడు.

కరుణమ్మ సెల్లు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. “జేమ్సూ, అత్తని. ముందు మొత్తం ఇంకో దగ్గర కాపీ పెట్టీనా? ఆఁ, పెట్టీసినాను. పాత డ్రైవర్లు తీసీనా?”

“డ్రైవర్లేటి?” ప్రభుదాసు గొణిగాడు.

“తెరనీ మౌసునీ నడిపీవి. మీరు నొక్కినాక సాఫ్ట్‌వేరు మారింది, ఇవి పాతవే ఉండిపోనాయి. నీతో కాదు బాబూ, మీ మావయ్యతో.”

కీబోర్డుతోనే పాతవి తీసేసింది. కొత్తవి ఎక్కించింది. తెర నల్లబడింది. ప్రభుదాసు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టాడు.

“కంగారు పడొద్దంతన్నాడు,” అంది కరుణమ్మ.

తెర నిండుగా తెరుచుకుంది. మౌసు కదిలింది. ప్రభుదాసు తాత కట్టిన మొదటి పాట అక్షరం పోకుండా కనిపించింది. ఆయన అక్కడే గొంతెత్తి పాడేశాడు.

పండగనాడు కొత్త పుస్తకాలు పట్టుకుని చర్చి నిండా జనం పాడారు. ఆరాధన అయ్యాక ప్రభుదాసు జేమ్స్‌ని కావలించుకున్నాడు.

“ఆ శుక్రవారం నువ్వు ఫోన్లో సెప్పకపోతే మా పని అయిపోను. మీ అత్తకేటి తెలుసు?”

జేమ్స్ తెల్లబోయి అత్త వైపు చూశాడు.

“ఆ వారమంతా నా సెల్లు రిపేర్లోనే ఉన్నాది, మావయ్యా.”