వాకిలికి ముప్పై లీటర్లు

"బియ్యం కడిగిన నీళ్ళు మళ్ళీ ఆ గడ్డికే పోశారా? నా కరివేపాకు మొక్క ఏం పాపం చేసిందండీ?" అని భర్త మీద లేచింది అలివేలు.

"లాన్ ఎలా పచ్చబడిందో చూడవే!" అని మురిసిపోయాడు సుందరరామయ్య.

అంతలో గోడమీది నీళ్ళ మీటరు పలికింది: "పచ్చటి లాన్ తీసేసి మట్టివాకిలి చేసుకుంటే రోజుకు ముప్పై లీటర్లు అదనం. ఎండిన గడ్డికి వర్తించదు."

అలివేలు గుండె గంతులేసింది. నీళ్ళు కొలిచి ఇవ్వడం మొదలయ్యాక, వాకిట కళ్ళాపి చల్లి ముగ్గేసి పదకొండేళ్ళయింది. కానీ ఆ గడ్డి ఆయన ప్రాణం. అడగలేక, ముగ్గుడబ్బా మాత్రం తుడిచి గట్టు మీద పెట్టి, అన్నం వడ్డించింది.

పప్పు కలుపుకుంటూ ఆయనే అన్నాడు: "రేపు పొద్దున్నే గడ్డి పీకేస్తా. ఆ డబ్బాని మళ్ళీ అటకెక్కించకు."