కంటి కింద క్రీము

"ఫారిన్ క్రీము కరుణా! సగం జీతం దీనికే పోయింది," అంటూ సత్యశ్రీ స్టాఫ్‌రూమ్‌లో కళ్ళ కింద మెత్తగా అద్దుకుంది.

తోటి టీచరు కరుణకుమారి డబ్బా తిప్పి చదివింది. "ఇందులో ఏటేసేరో సూసేరా? నత్త జిగురంటండీ."

"ఏటీ?"

"నత్త పాకినప్పుడు కారతాది సూడండి, అదే."

సత్యశ్రీ మొహం మీంచి చెయ్యి చటుక్కున తీసేసింది. "ఛీ ఛీ! నిన్నట్నుంచీ రాస్తన్నాను. నోట్లోకి కూడా పోయుంటాది!"

వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తి సబ్బుతో తోముకుంది. ఎంత తోమినా చర్మం మీద ఏదో పాకుతున్నట్టే ఉంది.

"నెమ్మదండీ, సబ్బు కళ్ళల్లో పడతాది," అంది కరుణ వెనకనుంచి. "నత్త ఏటీ సెయ్యదు. ఆ రోజు మా అమ్మ వండిందీ అవే కదా."

సత్యశ్రీ చేతులు ఆగిపోయాయి. పోయిన నెల కరుణ సొంతూరు రావికమతం నుంచి తెచ్చిన నత్తల కూర చూసి, తను తన క్యారియర్ పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. ఒక్క మాట కూడా అనలేదు కదా అనే ఇన్నాళ్ళూ అనుకుంది.

తలెత్తింది. అద్దంలో ముక్కు ముడుచుకుని, మూతి వంకర తిప్పుకున్న మొహం ఒకటి కనిపించింది.

కరుణ అప్పట్నుంచీ వరండాలో ఒక్కర్తే కూర్చుని తింటున్నది ఈ మొహం చూసే.