కాలు తీయాల్సిన చోటు

"ఆపు! ఆపమ్మా తల్లీ!" పొద్దుటి రిహార్సల్లో నాటకం మేనేజరు రెండు చెవులూ మూసుకున్నాడు. "తల్లీబిడ్డా విడిపోయే ఘట్టమది. తేనెపట్టు కదిలినట్టు ఆ రొదేమిటి?"

కీబోర్డు అమ్మాయి వేళ్ళు మీటల మీదే బిగుసుకుపోయాయి.

అప్పటిదాకా పియానో ధ్వని బ్రహ్మాండంగా పలికింది. ఆఖరి పాటకని ఫిడేలు ధ్వనిలోకి మార్చగానే మొదలైంది గోల. ఒక స్వరం మీద ఇంకో స్వరం, దాని మీద మరొకటి. ఒక్కటీ ఆగి చావదు.

"మధ్యాహ్నం ఆటలోనూ ఇదే తంతు అయితే, రేపట్నుంచి టేపు పెట్టేస్తా. నువ్వు ఇంటికెళ్ళొచ్చు," అనేసి మేనేజరు చక్కా పోయాడు.

ఇల్లంటే అన్నయ్య ఇల్లు. వదిన అన్నంతోపాటు ఓ నిట్టూర్పు కూడా వడ్డిస్తుంది. మళ్ళీ అక్కడికా?

కాలి కింద, తొక్కితే స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ మార్చి చూసింది. వైరు మార్చింది. కీబోర్డు ఆపి మళ్ళీ వేసింది, చేతులు జోడించి బతిమాలింది కూడా. ఊహూఁ.

పైగా ఆ ఫిడేలు ధ్వనిలో ఒక స్వరానికి ముందు ఎవరో ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చినట్టు వినిపిస్తుంది. "పనికిమాలిన సరుకు అంటగట్టారు," అని తిట్టుకుంది.

"సరుకు మంచిదేనమ్మా. కాలు తప్పు."

వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి వచ్చాడు. వారంనుంచీ రోజూ వస్తున్నాడు. కుడిచెయ్యి జేబులోంచి తీయడు. ఆఖరి పాటకి మాత్రం కళ్ళు మూసుకుంటాడు.

"పియానో స్వరం కొట్టగానే సన్నగిల్లిపోతుంది. అందుకే దానికి పెడల్ ఆసరా. ఫిడేలు అలా కాదు, నువ్వు కాలు తీసేదాకా అరుస్తూనే ఉంటుంది. స్వరం మారినప్పుడల్లా కాలు తీసెయ్యి. కమాను వెనక్కి తిప్పినట్టు."

"మీరెప్పుడైనా కీబోర్డు వాయించారా?"

"లేదమ్మా."

"పోనీ, పెడల్ తొక్కారా?"

"సైకిల్‌ది తొక్కాను." నవ్వబోయాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "నా బతుకు బజార్న పడుతుంటే మీకు వేళాకోళమా? వాచ్‌మన్ బాబాయ్! ఈయన్ని బయటికి పంపెయ్!"

వాచ్‌మన్ తటపటాయిస్తూనే వచ్చాడు. "అది కాదమ్మా, ఈయన..."

"ఎవరైతే నాకేం?"

"ఇవాళొక్క ఆట విని పోతానమ్మా. వెనక నిలబడతాను," అన్నాడు పెద్దాయన.

"మీరుంటే నేను వాయించను!"

ఆయన ఎడంచేత్తో కీబోర్డు అంచుని ఓసారి తడిమి, వాచ్‌మన్ వెంట నడిచాడు.

మధ్యాహ్నం ఆట. ఆఖరి పాట రానే వచ్చింది. రెండు స్వరాలు పడ్డాయో లేదో మళ్ళీ అదే రొద. ముందు వరుసలో ఎవరో ఆవిడ కిసుక్కున నవ్వింది. తెర పక్కనుంచి మేనేజరు కళ్ళెర్రజేశాడు.

అయిపోయింది, నా పని అయిపోయింది, అనుకుంది. ఇక దిక్కుతోచక, ఆ పెద్దాయన చెప్పినట్టే స్వరం మారే చోట కాలు తీసింది.

రొద తెగింది.

మళ్ళీ తొక్కింది. మళ్ళీ తీసింది. కమాను అటూ ఇటూ తిరుగుతున్నట్టే ఫిడేలు ఒక్కతే ఏడ్చింది. ఇందాక నవ్విన ఆవిడే ముక్కు చీదుకుంటోంది.

తెర పడింది. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా ఈ వాయింపు?" అంటున్న మేనేజరుని వదిలేసి, ఆమె గేటుకి పరుగెత్తింది.

"బాబాయ్, ఆ పెద్దాయనేడీ?"

"కూతురొచ్చి తీసుకెళ్ళిపోయిందమ్మా. చాలా దూరం. ఇహ ఇటు రాలేడు."

"ఎవరు బాబాయ్ ఆయన?"

"ఇందాక చెప్పనిచ్చావా తల్లీ? చెయ్యి పడిపోకముందు ముప్ఫయ్యేళ్ళు ఇక్కడే ఫిడేలు వాయించాడు. నువ్వు కూర్చునే చోటే. ఒకసారి ఈ కీబోర్డు కంపెనీ వాళ్ళే పిలిపించుకుని, ఒక్కో స్వరమే వాయించమని వారం రోజులు మైకు ముందు కూర్చోబెట్టారట. ఎందుకో ఏమో, పాపం!"

ఆమె ఖాళీ హాల్లోకి వచ్చి, పెడల్ తొక్కి, తను తిట్టుకున్న ఆ ఒక్క మీట నొక్కింది. పెద్దాయన ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చి వాయించడం మొదలుపెట్టాడు, ఆమె కాలు తీయలేకపోయింది.