తొమ్మిది ముక్కల కాల్

“మళ్లీ రిపేరు ఆఫీసుకే పంపింది యంత్రం, మేడమ్,” అన్నాడు ఇంజినీరు, హెడ్‌ఫోన్ మెడలోకి జార్చుకుంటూ.

“ఇంకోసారి పెట్టు.”

“పొద్దున్నుంచి పద్నాలుగుసార్లు పెట్టాను.”

“పదిహేనోసారి పెడితే నీ వేళ్లేం అరిగిపోవులే.”

అత్యవసర సహాయ కేంద్రంలో ఇకమీదట ఫోను ఎత్తబోయేది యంత్రం. అవతలివాళ్ల మాట విని, ఎవరు, ఏమిటి, ఎక్కడ అన్నది విడదీసుకుని, అంబులెన్సుకో ఫైరింజనుకో రిపేరువాళ్లకో అదే కబురు పెట్టాలి. ఆ విడదీయడం నేర్పే పని వీళ్లిద్దరిది. యంత్రం సంగతి ఇంజినీరు చూస్తాడు, మాటల కూర్పు సంగతి మేడమ్ చూస్తుంది. ఇరవై ఏళ్ల సర్వీసు ఆమెది. వెనకాల అందరూ ‘కర్త కర్మ క్రియ’ అంటారని ఆమెకూ తెలుసు.

మధ్యాహ్నం లోపు ఆమె సంతకం పెడితే సోమవారం నుంచి యంత్రం పనిలోకి దిగుతుంది. నాలుగువేల పాత కాల్స్ వినిపించి చూశారు. అర్థం కానివాటిని మనిషికి అప్పజెప్పడం దానికి బాగానే వచ్చింది. ఈ ఒక్క కాల్‌ని మాత్రం, అంతా అర్థమైపోయినట్టు ధీమాగా తప్పు దారిన పంపుతోంది. ఇది తేలేదాకా పెన్ను ముట్టనని ఆమె భీష్మించుకుని కూర్చుంది.

అతను మీట నొక్కాడు. రొప్పుతున్న ఒక ఆడగొంతు.

“మోటారు… మా ఆయన… బావిలో… ఇందాక… మోటారు ఆగిపోయి… మరిది కూడా… పిలిస్తే… తాడు… అయ్యో…”

ముక్కకీ ముక్కకీ మధ్య నిశ్శబ్దం. యంత్రానికి ఫోను చేసినవాళ్ల మాట చాలు కనుక, ఇవతలివైపు మాట తీసేసిన కాల్స్ అవి. మేడమ్ పెదవులు ఆ గొంతుతోపాటే కదలడం ఇంజినీరు గమనించాడు.

తెర మీద అక్షరాలు పడ్డాయి: మోటారు ఆగిపోయింది. రిపేరు.

“దాన్నని ఏం లాభం మేడమ్? ఒక్క వాక్యం లేదు. ఉన్న తొమ్మిది ముక్కల్లో రెండుసార్లు మోటారే. చేతికి దొరికిందాన్ని పట్టుకుంది.”

“ఇల్లు తగలబడుతున్నవాడు నీకు క్రియతో సహా చెప్తాడా?”

“వాక్యం దొరికితేనే నమ్మాలని రూలు రాయించింది మీరే కదా?”

“రాయించాను. ఇప్పుడు కొట్టేయిస్తున్నాను. ముక్కల్ని ముక్కల్లాగే ఉంచమను. మనుషులెంతమంది?”

“ఇద్దరు. ఆయన, మరిది.”

“చోటు?”

“బావి.”

“పిలిస్తే, అంది. పలికినట్టేమైనా అందా?”

“ఏమీ లేదు.”

“ఆ ఏమీ లేకపోవడమే కబురు నాయనా.”

ఇంజినీరు ఆ ముక్కల్ని మళ్లీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. “మోటారు చూద్దామని ఒకడు దిగాడు. వాడు పలక్కపోతే రెండోవాడు దిగాడు. అడుగున గాలి లేదు,” అన్నాడు మెల్లగా. “బతికారా మేడమ్?”

“ఇద్దరూ పోయారు. రిపేరువాళ్లు చేరేసరికే గంటన్నర.”

బల్ల మీది ఫోను మోగింది. అతను విని పెట్టేశాడు. “డైరెక్టరుగారు. ఒక్క కాల్ కోసం పెళ్లి ఆపుతారా అంటున్నారు.”

“ఆ మాట కిందికొచ్చి నా మొహం మీద అనమను.”

అతను నవ్వబోయి ఆగాడు. “ఒక మాట అడగనా? ఆవిడ మీకేమైనా అవుతుందా?”

“అవుతుంది.”

“ఏమవుతుంది?”

“ఆ వరసకి పేరేమిటో నాకు ఇంతవరకు దొరకలేదు.”

అతను మరి తవ్వలేదు. ఏ దూరపు చెల్లెలో అయి ఉంటుందనుకుని పనిలో పడ్డాడు. ముక్కలు అతకనప్పుడు, వాటిలో మనిషీ ప్రమాదపు చోటూ ఉన్నప్పుడు, యంత్రం తీర్పు చెప్పకుండా ప్రశ్న వెయ్యాలి.

“ఏమని అడిగించను?”

“ఒక్క మాటలో జవాబొచ్చేదేదైనా. ఊపిరాడనివాళ్ల చేత వ్యాసాలు రాయించకూడదు.”

గంట తర్వాత పదహారోసారి పెట్టాడు. తొమ్మిది ముక్కలూ అయ్యాక యంత్రం అడిగింది: “మనుషులు లోపలే ఉన్నారా?”

“పాత కాల్ కదా, దీనికి జవాబెవరు చెప్తారు?” అన్నాడు ఇంజినీరు.

మేడమ్ మైకు ముందుకు వంగింది. “ఉన్నారు,” అంది.

“ఫైరింజను, అంబులెన్సు బయలుదేరుతున్నాయి. మీరు దిగకండి. ఇంకెవరినీ దిగనివ్వకండి.”

ఆమె చాలాసేపు ఆ తెరనే చూస్తూ కూర్చుంది. తర్వాత కాగితం ముందుకు లాక్కుని, తేదీ వేసి, సంతకం పెట్టి, భోజనానికి వెళ్లిపోయింది.

తేలిన కాల్‌ని ఫైలు చేసేటప్పుడు అసలు రికార్డు, రెండువైపుల మాటలతో, జతచెయ్యాలి. ఇంజినీరు పాత నిల్వల్లో వెతికి తీశాడు. తొమ్మిదేళ్ల నాటిది. సరిగ్గా ఉందో లేదో చూద్దామని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఈసారి నిశ్శబ్దం ఉండే చోటల్లా ఇంకో ఆడగొంతు వినిపించింది, శ్రద్ధగా, ఓపిగ్గా.

“అలా ముక్కలుముక్కలుగా కాదమ్మా, పూర్తిగా చెప్పండి… ఊఁ, చెప్పండి… మోటారా? దానికి ఇక్కడ కాదమ్మా. రిపేరు ఆఫీసుకి కలుపుతున్నాను, ఉండండి.”

అది మేడమ్ గొంతు.