పెన్సిల్ చుక్క

ఫర్నేస్‌లోంచి తీసిన ట్రేలో రెండు కృత్రిమ దవడ ముక్కలున్నాయి. ఒకదాని అడుగున పెన్సిల్ చుక్క ఉండాలి. లేదు. రెండోదాన్ని తిప్పి చూసింది. దాని మీదా లేదు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

మొన్న ఇంకా కాల్చకముందు, పచ్చిగా ఉన్నప్పుడు వాటిలో ఒకటి ఆమె చేతిలోంచి జారి నేల మీద పడింది. పైకి ఏమీ కాలేదు. కానీ ఎముకలో ఉండే ఖనిజాన్నీ గట్టి పింగాణీ పొడినీ కలిపి నొక్కిన ముక్క అది. లోపల వెంట్రుకంత బీట పడినా కంటికి కనపడదు. ఇక్కడ ఎప్పుడూ రెండు చేస్తారు. ఒకటి ప్రెస్‌లో విరగ్గొట్టి బలం చూస్తారు, రెండోది ఆస్పత్రికి పంపుతారు. పడినదాన్నే విరగ్గొడితే సరిపోతుంది కదా అని, దానికో చుక్క పెట్టి, కిక్కురుమనకుండా ఇంటికెళ్లిపోయింది. ఫర్నేస్ వేడికి పెన్సిల్ చుక్క మిగలదని, ఎనిమిదేళ్లుగా ఈ పనే చేస్తున్న మనిషికి ఆ కంగారులో తట్టనే లేదు.

"అలా నిలబడ్డావేంటమ్మా? ఏదో ఒకటి పెట్టు," అన్నాడు బాబాయి. ఆ వర్క్‌షాప్ ఆయనదే. "తొమ్మిదిన్నరకి ఆపరేషన్. ఆ టీచరమ్మ రెండేళ్లుగా ఏదీ నమిలి ఎరగదు. ఆస్పత్రి బండి కూడా వచ్చేసింది."

చేతికందినదాన్ని ప్రెస్‌లో పెట్టింది. అంకె ఎక్కుతోంది. నూరు కిలోలు. నూట యాభై. రెండు వందలు.

'విరుగు తల్లీ, విరుగు' అని లోలోపల వేడుకుంది. ఇప్పుడే విరిగితే పడింది ఇదే అనుకోవచ్చు. ఇది గట్టిదైన కొద్దీ, బీటపడింది ఆస్పత్రికి వెళ్లే పెట్టెలోకి చేరినట్టే.

మూడు వందల నలభై దగ్గర టప్పుమంది.

"ఇంత బలం ఎప్పుడూ రాలేదండీ," అన్నాడు ప్యాకింగ్ అతను సంబరంగా. బాబాయి మాత్రం నవ్వలేదు. మిగిలిన ముక్కని పెట్టెలో పెట్టి, మూత మీంచి చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు. నుదుటి నిండా చెమట.

బయట బండి హారన్ మోగింది.

"బాబాయ్, అది పంపకు," అంది.

"ఏం?"

"మొన్న మధ్యాహ్నం ఒకటి పడేశాను. చుక్క పెట్టాను గానీ కాలిపోయింది. ఏది పడిందో తెలీడం లేదు. నన్ను పనిలోంచి తీసెయ్. ఆవిడ నోట్లో అది పగిలితే మాత్రం నేను బతకలేను."

ఆయన తిట్టలేదు. ఫోన్ తీసి డాక్టరుకి, "ఇవాళ ఆపేయండి. కొత్తది చేసి పంపిస్తాం," అని చెప్పి స్టూలు మీద కూలబడ్డాడు.

ఆయన్ని అలా చూడలేక, "ఏమో బాబాయ్, పెట్టెలోదే మంచిదేమో. సగానికి సగం అవకాశం ఉందిగా," అంది.

"లేదమ్మా," అన్నాడాయన తల దించుకుని. "ఆ సాయంత్రం ఫర్నేస్‌లో పెట్టబోతూ నేనూ ఒకటి జార్చేశాను. తిప్పి చూస్తే దాని మీద ఏ చుక్కా లేదు. నేనే దానికీ ఒకటి పెట్టాను."